ఏఐతో కలిసి కథ రాసేటప్పుడు పని ఎలా పంచుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. చాట్‌బాట్ సాయంతో చిన్న నవల రాస్తున్నారు. అడిగిందే తడవుగా పేజీలకు పేజీలు ఇస్తోంది గానీ సన్నివేశాలన్నీ ఒకేలా ఉంటున్నాయి. పాత్రలందరిదీ ఒకటే గొంతు. ఆరో అధ్యాయానికి వచ్చేసరికి మొదటి అధ్యాయంలో జరిగింది దానికి గుర్తుండటం లేదు. బొమ్మల్లో కథానాయిక ముఖం ప్రతిసారీ మారిపోతోంది. ఇంతా చేస్తే చివరికి రచన ఎవరిదన్న సందేహం కూడా ఉంది. వీటిలో మొదటిదానికే ఎక్కువ చోటిస్తాను. అది కుదిరితే మిగతావి సగం తేలికవుతాయి.

మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే పని వరస తిరగబడింది. ముందు అది రాస్తోంది, తర్వాత మీరు దిద్దుతున్నారు. అలా కాదు, ముందు మీరు రాయాలి. మధ్యలో దాన్ని వాడుకోవాలి. ఆఖరి చెయ్యి మళ్ళీ మీదే పడాలి. నేను దీన్ని నీతి కోసం చెప్పడం లేదు, ఆ మోడల్ పనిచేసే తీరే అలాంటిది.

భాషా మోడల్ ఒక్కో టోకెన్ దగ్గర, అంటే పదం దగ్గరో పదంలో ముక్క దగ్గరో, తర్వాత ఏది రావడానికి అవకాశం ఎక్కువో లెక్కగట్టి ఎంచుకుంటుంది. మొదటి శిక్షణ అయ్యాక మనుషులు మెచ్చుకున్న జవాబుల వైపు దాన్ని ఇంకాస్త మళ్ళిస్తారు. ఎవరికీ అభ్యంతరం లేని జవాబు అక్కడ గెలుస్తుంది. అందుకే 'చాలాకాలానికి తిరిగొచ్చిన తమ్ముడు' అనగానే వాన, తలుపు చప్పుడు, చెమర్చిన కళ్ళు వరసగా దిగుతాయి. 2024లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో దీనిమీదే ఒక పరిశోధన వచ్చింది. చిన్న కథలు రాసేవాళ్ళలో కొందరికి ఏఐ ఇచ్చిన ఐడియాలు అందించి చూశారు. విడివిడిగా చదివినవాళ్ళు ఏఐ సాయం తీసుకున్న కథలకే ఎక్కువ మార్కులు వేశారు. కానీ అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కథలే ఒకదానికొకటి ఎక్కువ దగ్గరగా ఉన్నాయి. మీ కథ మీకు బాగానే అనిపించి, వరసగా పది కథలు చదివే సంపాదకుడికి మాత్రం విసుగు పుట్టించేది ఇందుకే.

టెంపరేచర్ పెంచితే సరిపోతుందని చాలామంది చెబుతారు. అవకాశం తక్కువున్న టోకెన్లకు కూడా చోటిచ్చే సెట్టింగ్ అది. మామూలు చాట్ యాప్‌లలో సాధారణంగా కనబడదు, ఏపీఐలోనో (ప్రోగ్రాములు నేరుగా మోడల్‌ను వాడుకునే దారి) డెవలపర్ల పేజీలోనో ఉంటుంది. 0.7 నుంచి 1 దాకా పెట్టి వాడుకోవచ్చు. అంతకు మించి పెంచుకుంటూ పోతే కొత్త ఆలోచన రాకముందే భాష విరిగిపోతుంది. తెలుగులో ఇది ఇంకా త్వరగా కనిపిస్తుంది. కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే యూనికోడ్ పద్ధతిలో 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం ఆరు సంకేతాలు. వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో సంకేతానికి మూడేసి బైట్ల చొప్పున మొత్తం 18. చాలా మోడళ్ళు తెలుగు మాటల్ని ఇలాంటి చిన్న ముక్కలుగానే చూస్తాయి. ముక్క ముక్క దగ్గరా పాచిక వేస్తే ఒత్తులు జారిపోతాయి, లేని మాటలు పుట్టుకొస్తాయి. కొత్తదనం కావాలంటే సెట్టింగ్‌లో కాదు, మీరు ఇచ్చే సరుకులో వెతకాలి.

ఆ సరుకు చాట్ తెరవకముందే తయారవ్వాలి. ప్రతి అధ్యాయానికీ ఒక పేజీ చేత్తో రాసుకోండి. వాక్యాలు అందంగా ఉండక్కర్లేదు. ఎవరికి ఏం కావాలి, ఎవరు ఏం దాస్తున్నారు, అధ్యాయం అయ్యేసరికి వెనక్కి తీసుకోలేని మార్పు ఏమిటి, ఈ మనుషులకు మాత్రమే చెందిన వస్తువులో పాత లెక్కలో రెండు మూడు ఉంటే అవి. అంతే. చాట్ కంటే ముందే ఎందుకంటే, ఒకసారి ఫర్వాలేదనిపించే నమూనా కళ్ళబడ్డాక దాన్ని దాటి ఆలోచించడం మనిషికి కష్టం. డిజైన్ ఇంజనీర్ల మీద 1991లోనే దీన్ని ప్రయోగం చేసి చూపించారు. నమూనా చూసినవాళ్ళు అందులోని లోపాలతో సహా దాన్నే తిప్పి గీశారు.

ఇప్పుడు ఒక సన్నివేశం తీసుకుందాం. సరోజ తలుపు తీస్తుంది, ఎదురుగా 12 ఏళ్ళ కిందట చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిన తమ్ముడు. 'ఈ సన్నివేశం హృదయానికి హత్తుకునేలా రాయి' అని అడిగితే దాదాపు ఇలాంటిది వస్తుంది:

'తలుపు తెరిచిన సరోజ ఒక క్షణం నిశ్చేష్టురాలైంది. ఆమె ఒక లోతైన శ్వాస తీసుకుంది. ఆమె కళ్ళు కన్నీళ్ళతో నిండిపోయాయి. అది కేవలం ఒక కలయిక మాత్రమే కాదు, గతంతో ఒక సయోధ్య.'

నాలుగు వాక్యాల్లో నాలుగు 'ఒక'లు. తెలుగులో క్రియే ఎవరన్నది చెప్పేస్తున్నా పనిగట్టుకుని తెచ్చిన 'ఆమె'లు. మనం గట్టిగా ఊపిరి పీల్చుకుంటాం, లోతైన శ్వాసలు తీసుకోం. ఇవన్నీ దిద్దుకోవచ్చు, అరగంట పని. దిద్దినా బాగుపడనిది వేరే ఉంది. ఈ సరోజ ఎవరైనా కావచ్చు. పైగా ఆఖరి వాక్యం, ఇంకా జరగని సయోధ్యను జరిగిపోయినట్టు ముందే ప్రకటించేసింది. ఇక తర్వాతి రెండు పేజీలు ఎవరు చదువుతారు?

మీ చేతిరాత పేజీలో, వెళ్తూ వెళ్తూ తమ్ముడు ఆమె కుట్టుమిషను అమ్ముకుపోయాడన్న సంగతి ఉందనుకోండి. అప్పుడు అడగాల్సిన తీరు ఇది:

'సరోజ తలుపు తీసింది. ఎదురుగా 12 ఏళ్ళ కిందట చెప్పకుండా వెళ్ళిపోయిన తమ్ముడు. వెళ్తూ ఆమె కుట్టుమిషను అమ్ముకుపోయాడు. ఆమె నోట వచ్చే మొదటి మాట 20 రకాలుగా ఇవ్వు. ఏదీ ఆరు పదాలు దాటకూడదు. ఏడుపు, క్షమాపణ, కుశలప్రశ్నలు వద్దు. సన్నివేశం రాయొద్దు. ఏది బాగుందో చెప్పొద్దు.'

ఇరవై ఒకేసారి అడగడానికి కారణముంది. ఇరవై కొత్త చాట్లు తెరిచి ఒక్కోదాంట్లో ఒక్కటి అడిగితే అటూఇటూగా అదే మాట ఇరవైసార్లు వస్తుంది, ఎందుకంటే ప్రతిసారీ అది ఎక్కువ అవకాశమున్న చోటినుంచే బయల్దేరుతుంది. ఒకే జాబితాలో అడిగితే పైన ఇచ్చినవి దాని కళ్ళముందే ఉంటాయి కాబట్టి పక్కకు జరగక తప్పదు. మొదటి ఐదారు ఎవరికైనా తట్టేవే, వాటిని చదవకుండా కొట్టేసినా నష్టం లేదు. నడిమివాటిలో వింతవి వస్తాయి. చివరివాటిలో కొన్నిటికి అర్థమే ఉండదు. ఇరవైలో రెండు పనికొస్తే బాగా వచ్చినట్టే లెక్క. ఇంకో ఇరవై అడగొచ్చు గానీ ఆ తర్వాత తిరిగిన దారుల్లోనే తిరుగుతుంది. 'వద్దు'ల జాబితాను కూడా నాలుగైదు దగ్గర ఆపండి. పొడుగైతే కొన్నిటిని దాటేస్తుంది, వద్దన్న మాటనే తెచ్చి పెట్టడమూ ఉంటుంది.

ఆ జాబితాలో ఒకచోట డబ్బు గురించి, ఇంకోచోట మిషను గురించి ఉంటే రెండూ కలిపి మీరు రాసేది ఇలా ఉండొచ్చు:

'తలుపు తీసింది. తమ్ముణ్ణి చూసింది గానీ పక్కకి తప్పుకోలేదు.
"మిషను ఎంతకి అమ్మావు?" అంది.'

ఇందులో ఏఐ వాక్యం ఒక్కటీ లేదు, అయినా ఏఐ లేకపోతే ఇంత త్వరగా ఇక్కడికి వచ్చేవాళ్ళు కాకపోవచ్చు. ఏఐ సాయమంటే నా లెక్కలో ఇదే.

ఎంపిక మాత్రం దానికి వదలొద్దు. పైన 'ఏది బాగుందో చెప్పొద్దు' అన్నది అందుకే. మనిషీ ఏఐ కలిసి పనిచేసిన 106 ప్రయోగాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2024లో నేచర్ హ్యూమన్ బిహేవియర్‌లో వచ్చింది. సగటున చూస్తే, మనిషి ఒక్కడే లేదా ఏఐ ఒక్కటే, ఇద్దరిలో ఎవరు మెరుగైతే వారికంటే ఆ జంట పనితనం తక్కువే తేలింది. తీర్పు చెప్పాల్సిన పనుల్లో జంట నష్టపోయింది, కొత్తగా ఏదైనా తయారుచేసే పనుల్లో మాత్రం లాభం కనిపించింది. ఎంపికలు పుట్టించడం దాని పని, తేల్చడం మీ పని అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

చదరంగంలోనూ ఇదే కథ. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ చేతిలో ఓడిన ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్, మరుసటి ఏడాదే స్పెయిన్‌లోని లియోన్‌లో ఇద్దరు ఆటగాళ్ళూ చెరో కంప్యూటర్ పక్కన పెట్టుకుని ఆడే పోటీలో గ్రాండ్‌మాస్టర్ టోపలోవ్‌తో తలపడ్డాడు. 2005లో ఎవరు ఎవరితోనైనా జట్టు కట్టగల ఆన్‌లైన్ టోర్నమెంటు జరిగింది. గ్రాండ్‌మాస్టర్లున్న జట్లు ఉండగా, మూడు కంప్యూటర్లతో దిగిన ఇద్దరు అమెచ్యూర్లు గెలిచారు. వాళ్ళను గెలిపించింది ఆట బలం కాదు, ఏ ఎత్తును ఏ కంప్యూటర్‌తో ఎంత లోతుగా పరీక్షించాలో తెలిసిన పద్ధతి. చిత్రకళలోనూ చూడండి. హెరాల్డ్ కోహెన్ 1970ల తొలినాళ్ళ నుంచి పెంచుకుంటూ వచ్చిన ఆరన్ అనే ప్రోగ్రామ్ గీతలు గీసేది. వాటిలో ఏవి ఉంచాలో ఆయన ఎంచుకునేవాడు, చాలా ఏళ్ళపాటు రంగులు కూడా తన చేత్తోనే వేశాడు.

రాసింది చూపించి అభిప్రాయం అడగడం ఇంకో ఉచ్చు. 'ఎలా ఉంది?' అంటే గంగిరెద్దులా తల ఊపుతుంది. 'నిర్మొహమాటంగా విమర్శించు' అంటే బాగున్నదాన్ని కూడా తప్పుపడుతుంది, ఎందుకంటే మీరు అడిగింది విమర్శ. రెండింటికీ విలువ లేదు. అభిప్రాయం కాకుండా ఆచూకీ అడగండి. 'తమ్ముడు డబ్బు కోసమే వచ్చాడని పాఠకుడికి మొదట అనుమానం వచ్చేది ఏ వాక్యంలో? ఆ వాక్యం యథాతథంగా ఇవ్వు.' 'సరోజకు ఇప్పటికి తెలియకూడని సంగతి తెలిసినట్టు మాట్లాడిన చోటు ఏదైనా ఉందా?' ఇలాంటి వాటికి వచ్చే జవాబును మీ ఫైల్‌లో వెతికి సరిచూసుకోవచ్చు. సరిచూసుకుని తీరాలి కూడా, మీరు రాయని వాక్యాన్ని మీరు రాసినట్టు కోట్ చేసే అలవాటు దానికుంది. ఇంకో పద్ధతి: అధ్యాయం ఇచ్చి ఐదు వాక్యాల్లో కథ చెప్పమనండి. మీరు ముఖ్యమనుకున్నది ఆ ఐదింటిలో లేకపోతే, సారాంశం తప్పయి ఉండొచ్చు, లేదా మీరు రాసింది పేజీ మీద తేలలేదు. చాలాసార్లు రెండోదే.

పాత్రల గొంతు సంగతి. 'రాఘవయ్య కోపిష్టి, వ్యంగ్యంగా మాట్లాడే ముసలాయన' అని వర్ణిస్తే ఆ మోడల్ ఎరిగిన సగటు కోపిష్టి ముసలాయన వస్తాడు. విశేషణాలు మానేసి, ఒక్కో పాత్రకు మీరే రాసిన 15, 20 డైలాగులు ఇవ్వండి. అవి వేర్వేరు సందర్భాల్లోవి కావాలి: అబద్ధం చెప్పేటప్పుడు, ఆకలేసినప్పుడు, పెద్దవాళ్ళ ముందు, ఒంటరిగా గొణుక్కునేటప్పుడు. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో, మీరు, నువ్వు ఎక్కడ వాడతారో పట్టికగా రాసి ఇవ్వండి. ఇది వదిలేస్తే అత్తగారితో కోడలు ఒక పేజీలో 'మీరు' అని, పక్క పేజీలో 'నువ్వు' అని మాట్లాడుతుంది. తెలుగు కథల్లో ఏఐ పట్టుబడిపోయే చోట్లలో ఇది ముఖ్యమైనది. మాండలికం మాత్రం దాంతో రాయించొద్దు. రెండు ప్రాంతాల మాటలు కలిపేసి నమ్మకంగా ఇస్తుంది, ఆ యాస తెలియని రచయితకు కలిసిపోయిన సంగతి కూడా పట్టుబడదు.

మరపు గురించి. మోడల్ ఒకసారికి చూడగలిగే రాతకు హద్దుంటుంది. హద్దు టోకెన్లలో ఉంటుంది కాబట్టి, మోడల్‌ను బట్టి తెలుగులో అంతే కథకు ఇంగ్లీషు కంటే చాలా ఎక్కువ ఖర్చవుతుంది. హద్దు దాటకపోయినా ఇబ్బంది ఉంది. పొడవాటి రాతలో మొదట్లోవీ చివర్లోవీ బాగా వాడుకుని, నడిమివాటిని జారవిడవడం 2023లో జరిగిన పరీక్షల్లో స్పష్టంగా కనిపించింది. కొత్త మోడళ్ళు మెరుగయ్యాయి గానీ దానిమీద ఆధారపడొద్దు. నవల మొత్తాన్ని ఒకే చాట్‌లో నడపకండి. అధ్యాయానికో కొత్త చాట్. ప్రతిదాని మొదట్లో 400 పదాలు మించని కథాపత్రం అతికించండి: పాత్రలు, వయసులు, వరసలు, తేదీలు, అన్నిటికంటే ముఖ్యంగా ఎవరికి ఏ సంగతి ఏ అధ్యాయంలో తెలిసింది. తర్వాత కిందటి అధ్యాయంలోని ఆఖరి పేజీ, పైన చెప్పిన డైలాగులు. మీరు అడగదలిచింది అన్నిటికంటే చివర. అధ్యాయం ముగిశాక పత్రాన్ని మీరే దిద్దాలి. దాన్నే దిద్దమంటే ప్రతిసారీ కాస్త కుదిస్తుంది, ఐదారు సార్లకు కుట్టుమిషను కాస్తా 'పాత గొడవ'గా మారిపోతుంది.

బొమ్మలకు వద్దాం. ముఖం మారిపోవడానికి కారణం, స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి బొమ్మలు గీసే మోడళ్ళలో ప్రతి బొమ్మా కొత్త నాయిస్ నుంచి, అంటే అర్థం లేని చుక్కల గందరగోళం నుంచి మొదలవ్వడం. ఆ నాయిస్‌కు మూలం సీడ్ అనే సంఖ్య. సీడ్, మోడల్, ప్రాంప్ట్ (ఏం గీయాలో మీరు రాసి ఇచ్చేది), స్టెప్పులు (నాయిస్‌ను ఎన్ని విడతల్లో తీసేయాలన్నది) అన్నీ అవే ఉంటే దాదాపు అదే బొమ్మ మళ్ళీ వస్తుంది. కానీ ప్రాంప్ట్ మార్చగానే సీడ్ ముఖాన్ని కాపాడదు, చాలామంది పొరబడేది ఇక్కడే. ముఖం నిలవాలంటే ఆ పాత్రవి 15 నుంచి 30 బొమ్మలు పోగేసి లోరా అనే చిన్న అదనపు మోడల్‌కు శిక్షణ ఇవ్వాలి. వేర్వేరు కోణాలు, వేర్వేరు వెలుతురు ఉండాలి. అన్నిట్లో ఒకే చీర ఉంటే ఆ చీర కూడా ముఖంలో భాగమనుకుంటుంది. అంత ఓపిక లేకపోతే రిఫరెన్స్ బొమ్మ తీసుకునే సర్వీసులు వాడండి.

బొమ్మలో ఏది ఎక్కడ ఉండాలో మీరే నిర్ణయించాలంటే పెన్సిల్ స్కెచ్ గీసి ఫొటో తీసి, బొమ్మ నుంచి బొమ్మ చేసే పద్ధతిలో ఇవ్వండి. అక్కడ మీ బొమ్మను ఎంత మార్చాలో చెప్పే డీనాయిజింగ్ విలువ 0.3 దగ్గర పెడితే మీ గీత దాదాపు అలాగే ఉంటుంది, 0.5 దగ్గర భంగిమ నిలిచి వివరాలు మారతాయి, 0.7 దాటితే మీ స్కెచ్ పేరుకే మిగులుతుంది. చెయ్యి తప్పుగా వస్తే బొమ్మంతా మళ్ళీ చేయించక ఆ మేరకే మాస్క్ గీసి ఇన్‌పెయింటింగ్ చేయండి, అంటే అక్కడి వరకే మళ్ళీ గీయించండి. బొమ్మలో తెలుగు అక్షరాలు రాయించే ప్రయత్నమే వద్దు, ఒత్తులు ఎక్కడో తేలతాయి. బోర్డుల మీది పేర్లు, ముఖచిత్రం మీది టైటిలు తర్వాత వేరే సాఫ్ట్‌వేర్‌లో వేసుకోండి.

ఇక హక్కులు. దేశాన్ని బట్టి చట్టం మారుతుంది, కాబట్టి మీ ప్రచురణకర్తను అడగకుండా ముందుకెళ్ళకండి. ఇప్పటిదాకా బాగా నలిగింది అమెరికాలో. 2023 ఫిబ్రవరిలో అక్కడి కాపీరైట్ ఆఫీసు, మిడ్‌జర్నీ అనే ఏఐ సాధనం గీసిన బొమ్మలతో వచ్చిన ఒక కామిక్ పుస్తకంలో రాతకూ, బొమ్మలను ఎంచి కూర్చిన తీరుకూ హక్కు ఇచ్చి, విడివిడి బొమ్మలకు ఇవ్వలేదు. 2025 జనవరి నివేదికలో ఇంకాస్త తేల్చి చెప్పింది: ఇప్పుడున్న సాధనాల్లో ప్రాంప్ట్ రాసినంత మాత్రాన రచయిత కాలేరు, కానీ మనిషి రాసింది అందులో కనిపిస్తున్నంత మేరకు, మనిషి దిద్ది కూర్చినంత మేరకు హక్కు ఉంటుంది. 2023 సమ్మె తర్వాత హాలీవుడ్ రచయితల సంఘం చేసుకున్న ఒప్పందంలోనూ ఏఐని రచయితగా లెక్కించరాదని రాసుకున్నారు. కథల పోటీలకు పంపుతుంటే నిబంధనలు చదవండి, కొన్ని ఐడియాల కోసం వాడినా చెప్పమంటాయి.

పై వరసలో పనిచేస్తే రుజువులు వాటంతటవే తయారవుతాయి. చేతిరాత పేజీల ఫొటోలు, ఒక్కో అధ్యాయం డ్రాఫ్టులు తేదీలతో, చాట్‌ను ఎగుమతి చేసిన ఫైళ్ళు, బొమ్మలకు సీడ్, ప్రాంప్ట్, మూల స్కెచ్. అధ్యాయానికో ఫోల్డరు చాలు. చాట్ యాప్‌లోనే ఉంటుందిలే అని వదిలేయకండి, ఖాతా పోతే అవీ పోతాయి.

ఇప్పటికే ఏఐతో రాయించుకున్న పేజీలను ఏం చేయాలో మీరు అడగలేదు గానీ, ఎలాగూ తర్వాతి ప్రశ్న అదే అవుతుంది. వాటిని వాక్యం వాక్యం దిద్దుతూ కూర్చోవద్దు. దిద్దేకొద్దీ దాని వాక్యాలే మీ చెవికి మామూలైపోతాయి. అధ్యాయం ఒకసారి చదివి ఫైల్ మూసేయండి. రెండు రోజులాగి, మళ్ళీ తెరవకుండా, గుర్తున్న సంగతులను ఒక్కో లైనుగా రాయండి. పది లైన్లు వస్తే ఎక్కువే. వాటిలో మీ కథకు అక్కరకొచ్చేవి మీ చేతిరాత పేజీలోకి ఎక్కించి, ఆ అధ్యాయాన్ని అక్కణ్ణుంచి కొత్తగా మొదలుపెట్టండి. అవసరమైతే పాత ఫైల్‌ను అంతా రాయడం అయ్యాకే తెరవండి, అదీ ఏదైనా సంఘటన వదిలేశారేమో చూసుకోవడానికి మాత్రమే.